ఒట్టి తునకలు: సిగ్గు ఎవరిది?

మొన్న ఆరో తరగతి పిల్లల్ని 'మీకు ఇష్టమైన కూర గురించి అయిదు వాక్యాలు రాయండి' అన్నాం. పప్పు, ఆలుగడ్డ, గుడ్డు, కోడికూర వచ్చినయ్. మా వాడ పిల్ల ఒకతి 'పన్నీరు' అని రాసింది. వాళ్లింట్లో పన్నీరు ఎప్పుడు వండిండ్రో మాకు తెల్వదు గానీ, అంతకు ముందు ఆదివారం వాళ్ల దండెం మీద ఏం ఆరుతున్నదో తెలుసు. పక్కకు పిలిచి అడిగితే తల దించుకున్నది. కోపం రాలేదు. ముప్పై అయిదేండ్ల కింద మేమూ అదే పని చేసినం. 'రాత్రి ఏం కూర?' అని సారు అడిగితే 'పప్పు సార్' అన్నం. చేతి వాసన సారుకు ముందే తెలిసింది. ఆయన నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉన్నది.

పెద్దకూర తెచ్చిన నాడు మా అవ్వ దాన్ని పొడుగ్గా, తాడులాగా, తెగకుండా కోసేది. ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద వేసేది. కాకుల్ని కొట్టే కాపలా మాది. ఎండకు కట్టెలెక్క అయినంక కుండకెత్తి మూతికి గుడ్డ కట్టేది. వానాకాలం, కూలి దొరకని రోజుల్లో ఆ కుండ దిగేది. నిప్పుల మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, పుంటికూరలో వేసేది. ఆ పులుపు, ఆ కాలిన వాసన, కింద వేడి వేడి జొన్న గటుక! ఒక తునకను బుగ్గన పెట్టుకుని బడిదాకా నములుకుంటూ పోయేవాళ్లం. ఫ్రిజ్ అనే మాట వినని ఇంట్లో ముసురు రోజులు గట్టెక్కించిన విద్య అది. మరి ఆహార నిల్వ పాఠం చెప్పేటప్పుడు మేము ఇన్నేండ్లూ ఊరగాయ, వడియాలనే ఉదాహరణ చెప్పుకుంటూ వచ్చాం. అవ్వ కుండ నోటికి రాలేదు. అది మా తప్పే.

2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. కూలోళ్ల తిండి అని ఈసడించిన జొన్న, రాగి ఇప్పుడు పట్నంలో ఆరోగ్యమయింది. సంతోషమే. కానీ గటుకకు వచ్చిన మర్యాద దాని పక్క గిన్నెలోని కూరకు రాలేదేం? పొయ్యి ఒక్కటే, వండిన చెయ్యి ఒక్కటే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు ఆ కూరను బహిరంగంగా వండుకు తింటే ఎంత గొడవయిందో చూశాం. టౌన్లో కిరాయి ఇల్లు అడిగితే ఇంటాయన 'మీరేం తింటరు?' అంటడు. కులం అడగడానికి అదో దొడ్డిదారి.

మన అన్నలు కొందరు అంటారు: బాబాసాహెబ్ 1927లో మహాడ్‌లో చచ్చిన గొడ్డును తినొద్దన్నాడు గదా, మళ్లీ ఈ పొగడ్తలెందుకని. నిజమే, అన్నాడు. ఆయన మాన్పించింది చచ్చినదాన్ని తినే గతిని, దాని వెనక ఉన్న వెట్టిని. దొర కొట్టంలో గొడ్డు చస్తే మా తాత అర్ధరాత్రయినా పోయి ఈడ్చుకొచ్చేవాడు. పైస కూలి లేదు, ఆ మాంసమే కూలి. దాన్ని మేము తీపిగా తలుచుకోవడం లేదు. ఈడ్వమని చెప్పిన నాడే మా వాడ నడుం నిలబడ్డది. అయితే దొర వెట్టిని వదిలించుకున్నట్టు అవ్వ చేతి పనితనాన్ని కూడా వదిలించుకోవాలా?

ఇంకో మాట, కార్యకర్తలకు. ఏప్రిల్ 14 భోజనాల్లో ఏటా పులిహోర, పప్పే పెడుతున్నాం. 'అందరూ వస్తారు' అంటారు. ఎవరా అందరూ? పోయినేడు మా ఊర్లో విస్తళ్లు ఎత్తింది మేమే, లెక్క తెలుసు. కూర్చున్నది ముప్పాతిక మంది మనవాళ్లే. వచ్చే జయంతికి పుంటికూర తునకలు ఒక్క గంజు వండుదాం. తిననివాళ్లకు పప్పు ఎట్లాగూ ఉంటది.

ఆ పిల్ల నోటుబుక్కు ఇంకా మా దగ్గరే ఉన్నది, మార్కులు వేయలేదు. 'మీ అమ్మమ్మనడిగి తునకలు ఎట్లా ఆరబెడతరో రాసుకురా' అన్నాం. 'క్లాసుల చదవాల్నా సార్?' అన్నది. నీ ఇష్టం అన్నాం. సోమవారం తెస్తనన్నది.