చేతికంటిన మురుగుకు లెక్క లేదు

మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికుడు ఊపిరాడక చనిపోతే వార్త అవుతుంది. ఆ కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే కార్మికుడు క్షేమంగా పైకి వచ్చి, నెల తర్వాత కామెర్లతో మంచం పడితే ఆ జబ్బును పనితో ముడిపెట్టి చూసేవారు అరుదు.

మురుగులో ముంచిన చేతిని బయటికి తీశాక నీరంతా కారిపోదు. చర్మంపై పల్చటి పొరగా మిగిలిపోతుంది. నీటిలోని వైరస్‌లు ఆ పొరతోపాటే వస్తాయి. చేయి మునిగి ఉన్నంతసేపూ కొన్ని నేరుగా చర్మానికే అతుక్కుంటాయి. తడి ఆరిపోయినంత మాత్రాన అన్నీ నశించవు. హెపటైటిస్-ఎ, నోరోవైరస్ వంటివాటికి పైన కొవ్వు పొర ఉండదు కాబట్టి అవి శానిటైజర్‌కూ అంత సులభంగా లొంగవు. సబ్బుతో రుద్ది, పారే నీటిలో కడిగితేనే చాలావరకు వదులుతాయి.

గాయాల్లేని చర్మం వీటిని లోపలికి రానివ్వదు. ప్రమాదమంతా ఆ తర్వాతే. అదే చేత్తో బీడీ వెలిగిస్తారు, టీ గ్లాసు పట్టుకుంటారు, అన్నం తింటారు. గ్లోవ్ చిరిగి మురుగు లోపలికి చేరితే, పని ముగిసేదాకా చేయి అందులోనే నానుతుంది.

మురుగులోని వైరస్ ఏం చేయగలదో దేశం ఎప్పుడో చూసింది. 1955-56లో యమునలోని మురుగు ఢిల్లీ తాగునీటిలో కలిసినప్పుడు దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఇ అని తర్వాత తేలింది. అప్పుడు జనం తాగింది నదిలో పలచబడి, శుద్ధి కేంద్రం దాటి వచ్చిన నీరు. కార్మికుడు దిగేది నేరుగా మురుగులోకే.

రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కేంద్రం తెచ్చిన ‘నమస్తే’ పథకం రక్షణ కిట్లు, ఆయుష్మాన్ భారత్ బీమా ఇస్తామంటోంది. అయితే ఆ బీమా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. కామెర్లతో వారాల తరబడి ఇంట్లో పడుకున్న మనిషి కోల్పోయిన కూలి దాని పరిధిలోకి రాదు.

మనిషే దిగనవసరం లేకుండా చేయాలన్నది బెజవాడ విల్సన్ నేతృత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ ఎన్నాళ్లుగానో చేస్తున్న డిమాండ్. యంత్రాలు వచ్చేదాకా పనిచోటే సబ్బు, పారే నీరు, హెపటైటిస్-ఎ టీకా అందించడం మున్సిపాలిటీలకు మోయలేని భారమేమీ కాదు. కార్మికుల జబ్బులను నమోదు చేసే రిజిస్టరు కూడా కావాలి. అది లేకపోతే పరిహారం అడగడానికి వారి చేతిలో ఆధారమే ఉండదు.