ఉసిరి ఒరుగు - బీడీ కట్ట

వేసవి రాగానే మా జూలూరుపాడు చుట్టుపట్ల అడవుల్లో తునికాకు కోత మొదలవుతుంది. యాభై ఆకులకు ఒక కట్ట. ఆ ఆకు ఎక్కడెక్కడో బీడీలై, కొంత మళ్ళీ మన అరుగుల మీదికే వచ్చి కాలుతుంది.

అలా కాల్చేవారిలో మా బాబాయిగారు అగ్రగణ్యులు. మొన్న మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డారు. డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి, కొలెస్టరాల్ హెచ్చుగా ఉన్నదనీ, బీడీ మానవలసిందేననీ చెప్పారు. బాబాయిగారు మానలేదు. విటమిన్ 'ఇ' మాత్రలూ, ఉసిరి ఒరుగూ పక్కన పెట్టుకుని, "పొగకు విటమిన్లు విరుగుడటగా అబ్బాయ్! ఇవి తింటూ అది కాలిస్తే సరి" అన్నారు. పిన్ని నా ముఖం చూసింది. నేను తెలుగు మేష్టరును, అయినా చూసింది.

ఆ మాట బొత్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

మూత పెట్టని నూనె కొన్నాళ్ళకు చెడి కంపు కొట్టడం ఇల్లాళ్ళెరిగినదే. అది గాలిలోని ఆమ్లజని చేసే పని. రక్తంలోని చెడ్డ కొలెస్టరాల్ కూడా ఇలాగే చెడుతుంది. చెడినదాన్ని రక్తనాళం గోడలోని కణాలు మింగి, ఉబ్బి, అక్కడే పేరుకుంటాయి, దారి ఇరుకవుతుంది. పొగ ఈ చెరుపును త్వరపెడుతుంది. విటమిన్ 'ఇ' కొలెస్టరాల్‌ను అంటిపెట్టుకుని ముందు తానే ఖర్చవుతుంది. 'సి' దానికి తిరిగి బలమిస్తుంది. పొగ తాగేవారి ఒంట్లో 'సి' త్వరగా తరిగిపోతుంది కనుక, వారికి రోజుకు 35 మిల్లీగ్రాములు అదనంగా కావాలని 2000లో అమెరికా నిపుణులు నిర్ణయించారు కూడా. ఉసిరి మంచిదే సుమా!

గాజు గొట్టంలో ఒప్పిన సంగతి మనిషిలో ఒప్పలేదు. బ్రిటన్‌లో గుండెజబ్బు, మధుమేహం వంటివి ఉన్న 20,536 మందిలో సగం మందికి అయిదేళ్ళపాటు 'ఇ', 'సి', బీటా కెరోటిన్ మాత్రలిచ్చారు. రక్తంలో విటమిన్లు పెరిగాయి; గుండెపోట్లు మాత్రం తగ్గలేదని 2002లో ప్రకటించారు. అంతకుముందే ఫిన్లండులో పొగ తాగే 29,133 మంది మగవారిపై జరిపిన పరీక్ష ఫలితం 1994లో వెలువడింది: బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు నూటికి 18 వంతులు ఎక్కువైంది! పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, నికోటిన్, రక్తం గడ్డకట్టే గుణం - వీటికి ఆ విటమిన్లు విరుగుడు కావు. మానితే మాత్రం, పొగ వల్ల గుండెకు వచ్చే అదనపు అపాయం ఏడాదిలో సుమారు సగానికి దిగుతుంది.

బాబాయిగారు అంతా విని, "ఫిన్లండువాళ్ళు మన ఉసిరి తినలేదు కదరా!" అన్నారు.

పిన్ని పలకలేదు. బీడీ కట్ట తీసుకుని లోపలికి వెళ్ళింది. నాలుగు రోజులుగా ఆయన అది అడగలేదట. ఒరుగు మాత్రం రెట్టింపు నములుతున్నారట.