బోధన, పరిశోధన వేళల విభజనపై సైన్స్ అధ్యాపకుల సర్వసభ్య సమావేశ తీర్మానం

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు ప్రత్యక్షంగా బోధించాలి. మొత్తం పనివేళలు 40 గంటలకు తగ్గకూడదు. మిగిలినదంతా పరిశోధనకే దక్కుతుందని కాగితం మీద కనిపిస్తుంది. పాఠం తయారీ, ప్రాక్టికల్ రికార్డులు దిద్దడం, ఇంటర్నల్స్, వాల్యుయేషన్, నాక్ ఫైళ్లు, ప్రాజెక్టు బిల్లులు, యుటిలైజేషన్ సర్టిఫికెట్లు, అన్నీ ఆ మిగిలినదానిలోంచే పోతాయి. 2022 పీహెచ్‌డీ నిబంధనలు ప్రొఫెసర్‌కు ఎనిమిదిమంది స్కాలర్ల వరకు అనుమతిస్తున్నాయి. ఒక్కొక్కరితో వారానికి గంట కూర్చున్నా ఒక పనిదినం అక్కడే అయిపోతుంది.

గంటలు తక్కువ కావడం కన్నా అవి ముక్కలు కావడమే అసలు ఇబ్బంది అని ఈ సమావేశం భావిస్తోంది. పదింటికి ఒక క్లాసు, పన్నెండుకు ఒకటి, మూడింటికి మరొకటి ఉన్న రోజున ల్యాబులో చేయగలిగే పని ఏదీ ఉండదు. క్రొమటోగ్రఫీ కాలమ్‌ను మధ్యలో వదిలి పాఠానికి వెళితే తిరిగొచ్చేసరికి అది ఎండి పగిలి ఉంటుంది.

బోధన తగ్గించమని ఈ సమావేశం కోరడం లేదు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్‌గా చేరిన సి.వి. రామన్‌కు పాఠం చెప్పాలన్న షరతు లేదు. ఆయన కోరి చెప్పారు. 1928 నాటి ఆవిష్కరణకు అది అడ్డు రాలేదు. (ఆయనకు నాక్ ఫైళ్లు లేవు కదా అని సభలో వినవచ్చిన మాటా నిజమే.)

కావున ప్రతి అధ్యాపకుడి క్లాసులను వారంలో మూడు రోజుల్లోకి సర్ది, కనీసం ఒక పూర్తి రోజును క్లాసులు, మీటింగులు లేకుండా ల్యాబుకు వదలాలని, టైమ్‌టేబుల్ కమిటీ వచ్చే సెమిస్టరు నుంచే దీన్ని అమలు చేయాలని ఈ సమావేశం తీర్మానిస్తోంది. ప్రాక్టికల్స్‌లో నిలబడిన ప్రతి గంటనూ పూర్తి గంటగానే లెక్కించాలి. ప్రాజెక్టు బిల్లుల పనికి విభాగానికొక గుమాస్తాను ఇవ్వాలి. ఖాళీ పోస్టులను రెగ్యులర్ నియామకాలతో భర్తీ చేయనిదే ఇవేవీ ఎక్కువకాలం నిలవవు. ఈ విషయాన్ని పాలక మండలి ప్రభుత్వం ముందు గట్టిగా పెట్టాలి.

సభ్యులకూ ఒక కట్టుబాటు. తమ క్లాసుకు స్కాలర్‌ను పంపే అలవాటు నేటితో ఆగాలి. పీహెచ్‌డీకి చేరినవారు గైడు బదులు పాఠం చెప్పడానికి చేరలేదు. ఎంఎస్సీ మొదటి సెమిస్టరులో కనీసం ఒక పేపరు సీనియర్ ప్రొఫెసర్లే చెప్పాలి. పునాది పాఠం అనుభవం లేనివారికి అప్పగించి, తమకు నచ్చిన ఎలెక్టివ్‌ను ఉంచుకోవడం న్యాయం కాదు.

చివరి అంశంపై కొందరు అసమ్మతి తెలిపారు. అది మినిట్స్‌లో నమోదైంది. మిగతా అంశాలు ఏకగ్రీవంగా, ఇది మెజారిటీతో ఆమోదం పొందాయి. తీర్మానం ప్రతులను వైస్ ఛాన్సలర్‌కు, రిజిస్ట్రార్‌కు, అన్ని సైన్స్ విభాగాధిపతులకు పంపాలని కార్యదర్శిని ఆదేశించడమైనది.