నబ్జ్ చూసినందుకూ మజూరీ ఉంది

కారు కింద నుంచి టక్ టక్‌మని శబ్దం మొదలైతే మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. మొదటి వారం ఎవరూ పట్టించుకోరు. రెండో వారం పాటల సౌండ్ పెంచుతారు. మూడో వారం షెడ్డుకి తీసుకెళ్లి, "ఉస్తాద్, షాక్ అబ్జార్బర్లు పోయినట్టున్నాయ్, మార్చెయ్" అంటారు. మర్జ్ పేరు రోగే చెప్పేశాక హకీమ్ ఏం చేస్తాడు? అడిగిన మందే ఇస్తాడు. కొత్త షాక్ అబ్జార్బర్లు పడతాయి, జేబు ఖాళీ అవుతుంది, నాలుగో వారం అదే టక్ టక్.

నా మాట ఒక్కటే. శబ్దం ఎక్కడిదో కనిపెట్టడమే అసలు పని, మార్చడం ఆ తరవాతి సంగతి. కానీ మనం పార్టుకి పైసలిస్తాం, బిగించినందుకు ఇస్తాం, కనిపెట్టినందుకు మాత్రం ఇవ్వం. ఆ హునర్‌కి మన దగ్గర ధర లేదు. ధర లేని హునర్ షెడ్లలో ఎన్నాళ్లు మిగులుతుంది?

ఈ మాట శ్రీ సిటీ చుట్టుపక్కల కుటుంబాల్ని చూసే రాస్తున్నాను. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో 2016 నుంచి ఇసుజు కంపెనీ పికప్ బళ్లు తయారుచేస్తోంది. చుట్టుపక్కల టైర్ల కంపెనీ ఉంది, మోటార్‌సైకిళ్ల కంపెనీ ఉంది. కొత్త బండి పుట్టే చోటు ఇది. కానీ అక్కడ షిఫ్టు చేసే మన పిల్లలు నడిపేది చాలావరకు సెకండ్ హ్యాండ్ కారు. రోజూ సూళ్లూరుపేట నుంచో నాయుడుపేట నుంచో రాకపోకలు, కంటైనర్ లారీల వెనకాల ప్రయాణం, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా ఉండాలి. మన ఊళ్లలో ఎవరింటి ముందు వాళ్లు పోసుకునే సిమెంటు దిమ్మెకి ఆ లెక్కతో ఏం పని? ఆ దెబ్బలన్నీ తినేది చక్రం వెనకున్న రబ్బరు బుష్షులూ చిన్న చిన్న జాయింట్లే.

మా చెల్లెలి భర్త కారు సంగతి చెప్తాను. ఎడమ వైపు ముందు నుంచి శబ్దం. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే రెండు స్ట్రట్లు, రెండు లోయర్ ఆర్ములు మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. ముప్పై వేలకి దగ్గర. నెల జీతంలో సగం పైన. ఎవరో చెప్తే ఒక పాత షెడ్డుకి తీసుకెళ్లాం. ఆ ఉస్తాద్ పానా ముట్టుకోలేదు. ముందు సవాళ్లు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాకా? బ్రేక్ కొడితే వస్తుందా? మలుపులోనా, తిన్నగా పోతేనా? తరవాత డిక్కీ మొత్తం ఖాళీ చేయించాడు. జాకీ, స్టెప్నీ, మా చెల్లెలు పెట్టుకున్న ఫిల్టర్ నీళ్ల క్యాన్, అన్నీ కిందకి దించాడు. సగం 'సస్పెన్షన్ శబ్దాలు' లూజుగా ఉన్న జాకీవేనట.

అప్పుడు మా చెల్లెల్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. స్టీరింగ్ పట్టుకున్నవాడి చెవి రోడ్డు మీద ఉంటుంది, వెనక కూర్చున్న ఔరత్‌కే శబ్దం బాగా తెలుస్తుందన్నాడు. రెండు చక్రాలూ ఒకేసారి దిమ్మె ఎక్కేలా నడిపాడు. నిశ్శబ్దం. ఎడమ చక్రం ఒక్కటే ఎక్కేలా నడిపాడు. టక్. మళ్లీ నడిపాడు. టక్. అతనికి సగం జవాబు దొరికింది. రెండు చక్రాలూ కలిసి లేస్తే స్టెబిలైజర్ కడ్డీ మెలి తిరగదు, దాని చివరి లింక్ రాడ్ల మీద బరువు పడదు. ఒక్క చక్రం లేస్తేనే కడ్డీ మెలి తిరిగి లింక్ రాడ్‌ని లాగుతుంది. యకీన్ కోసం లింక్ రాడ్లు విప్పి కట్టేసి, సందులో మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. శబ్దం లేదు. అరిగింది వందల్లో దొరికే లింక్ రాడ్. స్ట్రట్లు, లోయర్ ఆర్ములు భేషుగ్గా ఉన్నాయి.

ఎంతివ్వమంటావంటే పార్టు డబ్బులూ, బిగించినందుకు నూట యాభై అన్నాడు. గంటసేపు విన్నదానికో అని అడిగాను. నవ్వాడు. "సున్‌నే కా పైసా కౌన్ దేతా, భాయ్?"

డాక్టర్ దగ్గర మాత్ర రాయకపోయినా ఓపీ ఫీజు కడతాం. నబ్జ్ పట్టి చూసిన హకీమ్ చేతిలో నజరానా పెట్టిన ఖాందాన్లు మనవి. మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి "ఊరికే చూడ్డానికి కూడా డబ్బులా?" అంటాం. అందుకే ఆ మజూరీ ఇంకో దారిలో మన దగ్గరే వసూలవుతుంది. కనిపెట్టినందుకు ఏమీ రాదు, పార్టు మారిస్తే స్పేర్ల దుకాణం నుంచి కమీషన్ వస్తుంది. అప్పుడు ఏ మెకానిక్‌కి వినే ఓపిక ఉంటుంది? అతన్ని బేఈమాన్ అనే ముందు ఈ లెక్క మనమే వేసుకోవాలి.

కంప్యూటర్ పెట్టి చూస్తారు కదా అంటారు కొందరు. స్కానర్ సెన్సార్ల మాట చెప్తుంది. రబ్బరు బుష్షుకి సెన్సార్ లేదు. అరిగిన బుష్ ఏ స్క్రీన్ మీదా కనిపించదు. దాన్ని పట్టేది చెవీ, చెయ్యీ.

ఒక్కో శబ్దానికి ఒక్కో జుబాన్ ఉంది. మెల్లగా దిమ్మె ఎక్కుతుంటే కిర్రుమంటే ఎండిన బుష్ అయ్యుండొచ్చు. దాని మీద నీళ్లు చల్లి చూస్తారు, కాసేపు ఆగిపోతే దొరికినట్టే. నిలబెట్టిన కారులో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ టంగ్‌మంటే స్ట్రట్ పైన ఉండే మౌంట్ మీద అనుమానం. స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించి ఇంకొకర్ని తిప్పమంటే అదురు అరచేతికి తెలుస్తుంది. స్పీడుతో పాటు పెరిగే హోరు సస్పెన్షన్‌ది కాకపోవచ్చు, వీల్ బేరింగ్‌ది కావచ్చు. పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టకటకమంటే యాక్సిల్ జాయింట్. చక్రం గాల్లో లేపి పైనా కిందా పట్టి ఊపితే లూజు ఉందా, బేరింగో బాల్ జాయింటో. పక్కలు పట్టి ఊపితే ఉందా, టై రాడ్ వైపు చూడాలి. లింక్ రాడ్ అయితే నాలుగు రోజులు ఆగొచ్చు. బాల్ జాయింట్ ఆగదు. అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది. ఆ రెండింటికీ తేడా చెప్పగలిగిన మనిషి మన పిల్లల జాన్ కాపాడుతున్నాడు. అందాజాతో మార్చేవాడు ఆ తేడా చెప్పలేడు.

మన ఉస్తాదుల మీదా నాకు షికాయత్ ఉంది. బుష్ కిర్రుమంటే పాత ఇంజన్ ఆయిల్ పోస్తారు. ఆ నూనెకి రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కారు జాకీ మీద గాల్లో ఉండగానే కొత్త బుష్ బోల్టు పూర్తిగా బిగిస్తారు. కిందకి దించగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీదకి వచ్చాకే ఆఖరి బిగింపు. లోయర్ ఆర్మ్ మార్చి అలైన్‌మెంట్ చేయించుకోమని చెప్పకుండా పంపిస్తారు, టైర్లు ఒక పక్క అరిగిపోతాయి. తీసిన పాత పార్టు చేతికివ్వరు. మజూరీ అడిగే హక్కు కావాలంటే పాత పార్టు చేతిలో పెట్టి, దాని లూజు ఊపి చూపించాలి. ఏం చూశాడో, ఏం బాగుందో కాగితం మీద రాసివ్వాలి. అది అమానత్.

లారీల వెనక ఉండే పట్టీల్ని మనం 'కమాన్ కట్టలు' అంటాం. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. ఈ పనిలో మన జుబాన్ అంత లోతుగా ఉంది, మన చేతులూ ఉన్నాయి. 2006 నాటి సచార్ కమిటీ రిపోర్టు కూడా మోటారు బళ్ల రిపేరులో ముస్లింల వాటా ఎక్కువని గుర్తించింది. అలా అని ఏడో తరగతి పిల్లాణ్ని స్కూలు మాన్పించి షెడ్డులో వేయడం హునర్ కాదు, చట్టప్రకారం నేరం కూడా. పదో తరగతి అయ్యాక ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సుంది. దాంతో పాటు సాయంత్రాలు ఉస్తాద్ పక్కన కూర్చుని వినడం నేర్చుకోనివ్వండి. శ్రీ సిటీ గేటు దగ్గర సర్టిఫికెట్ అడుగుతారు, లోపల చెవి పనికొస్తుంది. కరెంటు కార్లొస్తే ఈ పని పోతుందని భయపెట్టేవాళ్లున్నారు. ఇంజన్ చప్పుడు లేని కారులో బుష్ శబ్దం ఇంకా బాగా వినిపిస్తుంది. బ్యాటరీ బరువు కూడా ఆ బుష్షుల మీదే పడుతుంది.

మజూరీ ఇచ్చాక కూడా శబ్దం దొరక్కపోతే ఏంటి అని మా బెహనోయి అడిగాడు. అప్పుడూ ఇవ్వాలి. ఏది కాదో అతను చెప్పాడు కదా. బాల్ జాయింట్ గట్టిగా ఉంది, టై రాడ్ గట్టిగా ఉంది, బేరింగ్ బాగుంది అని చెప్పాడు. మొహర్రంలో ఇంటిల్లిపాదీ రొట్టెల పండుగకి నెల్లూరు బయల్దేరేటప్పుడు, టక్ టక్ వినిపిస్తున్నా ఫికర్ లేకుండా హైవే ఎక్కేది ఆ మాట మీదే.