కరెంటు బండి – నాన్న లెక్క, నా లెక్క

"సావనీరుకి ఏదైనా ఒక వ్యాసం రాయవోయ్" అని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, యువతరం బాధ్యతల మీద నాలుగు పేజీలు నింపేద్దామనుకున్నాను. అలాంటి వ్యాసాలు ప్రతి సంచికలోనూ వస్తాయి, ఎవరికీ నొప్పి కలగదు. కాని మూణ్ణెల్లుగా మా ఇంట్లో ఒక ప్రశ్న నలుగుతోంది. అది మా ఒక్క ఇంటి ప్రశ్న కాదనిపించి, దాన్నే ఇక్కడ పెడుతున్నాను.

మా నాన్న ఆటో తోలతాడు. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం రోడ్డు మీద పన్నెండేళ్ళుగా అదే డీజిలు బండి. ఇప్పుడది పాతబడింది. ఇంజనుకి మళ్ళీ బోరు చేయించినా ఎన్నాళ్ళు వస్తుందో తెలీదు. కొత్త బండి కొనాలి. డీజిలుదా, కరెంటుదా? "నువ్వు బియస్సీ ఫిజిక్సు చదువుతున్నావు కదరా, నువ్వే చెప్పు" అన్నాడు నాన్న. మూడేళ్ళలో ఏ ప్రశ్నాపత్రమూ నన్ను ఇంత ఇబ్బంది పెట్టలేదు.

కరెంటు బండి కొత్త వింత అనుకుంటాం గాని, అది పెట్రోలు కారుకి సాటి వయసుది. 1900 ప్రాంతంలో అమెరికా నగరాల్లో కరెంటు కార్లు బాగానే తిరిగేవి. పెట్రోలు కారుకి ముందు హ్యాండిలు వేసి బలంగా తిప్పాలి. చెయ్యి విరిగిన వాళ్ళూ ఉన్నారు. 1912లో సెల్ఫ్ స్టార్టరు వచ్చింది, పెట్రోలు చవకైంది, కరెంటు కారు మూలపడింది. మళ్ళీ ఇన్నేళ్ళకి దాన్ని లేపి నిలబెట్టింది లిథియం బ్యాటరీ. దాన్ని తయారుచేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో రేవా అనే చిన్న కరెంటు కారు 2001లోనే బెంగుళూరు నుంచి వచ్చింది. అంటే సైన్సు వైపు నుంచి సందేహం లేదు. సందేహమల్లా మన ఊరి వైపు నుంచే.

ముందు మంచి చెప్పుకుందాం. లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో చక్రం దాకా చేరేది పావువంతుకి కాస్త అటూ ఇటూ. మిగిలిందంతా వేడిగా, పొగగా, చప్పుడుగా గాల్లో కలుస్తుంది. మోటారు అలా కాదు. ఇచ్చిన కరెంటులో ఎక్కువ భాగాన్ని పనికే పెడుతుంది. నాన్న రోజుకి సుమారు 120 కిలోమీటర్లు తిరుగుతాడు. నాలుగు నుంచి ఐదు లీటర్ల డీజిలు పోస్తాడు; అంటే నాలుగొందల పైమాటే. అదే దూరానికి కరెంటు ఆటోకి 10 యూనిట్లు సరిపోతాయి. యూనిటుకి ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఎనభై. పైగా ఇంజను ఆయిలు లేదు, క్లచ్చి ప్లేటు లేదు, సైలెన్సరు లేదు. రోజుకి మూడొందలు మిగులు! ఈ లెక్క కాగితం మీద వేసి గర్వంగా నాన్నకి చూపించాను.

నాన్న కాగితం చూసి అన్నాడు: "లెక్క బాగానే ఉంది. ఈ పది యూనిట్లూ ఎక్కడ ఎక్కిస్తావు?"

మేముండేది అద్దె ఇల్లు. రెండు గదులు, ఒక మీటరు. ఆ మీటరు పేదవాళ్ళ స్లాబులో తిరుగుతోంది. రోజుకి పది యూనిట్లంటే నెలకి మూడొందలు. వాడకం పెరిగిన కొద్దీ పై యూనిట్ల రేటూ పెరుగుతుంది కదా! వేరే మీటరు పెట్టించుకుందామంటే ఇంటాయన ఒప్పుకోవాలి. ఆయన ఇప్పటికే "బ్యాటరీలు పేలతాయటండీ" అంటున్నాడు. ఆయన భయాన్ని కొట్టిపారెయ్యలేం. 2022 ఏప్రిల్లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. ఆ ఏడాది చివరనుంచి కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించింది. మంచిదే. కాని వార్త వెళ్ళినంత వేగంగా నిబంధన వెళ్ళదు.

ఇక కొనుబడి. కరెంటు ఆటో డీజిలు ఆటోకన్నా ప్రియం. బ్యాంకు వాడు చేతులెత్తేస్తే ఫైనాన్సు వాడి దగ్గరికి వెళ్ళాలి. పాత డీజిలు బండి అమ్మితే ఎంతొస్తుందో ఏ మెకానిక్కయినా చెబుతాడు. ఆరేళ్ళు తిరిగిన కరెంటు బండి ఎంత పలుకుతుందో ఎవడూ చెప్పలేడు. అందుకే వడ్డీ ఎక్కువ వేస్తాడు. "నువ్వు మిగిల్చిన మూడొందలూ వాయిదా కిందకే పోతే, నేను తోలేది ఎవరి బండిరా?" అని నాన్న అడిగాడు. దీనికి నా ఫిజిక్సులో సూత్రం లేదు.

పొగ సంగతికొద్దాం. కరెంటు బండికి పొగ లేదన్నది సగం నిజం. పొగ మన ఊళ్ళో రాదు, ఇబ్రహీంపట్నంలో వస్తుంది. మన దేశపు కరెంటులో సింహభాగం ఇంకా బొగ్గుదే. మన గ్రిడ్ మీద ఒక యూనిటుకి సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు లెక్క. పది యూనిట్లకి 7 కిలోలు. నాలుగున్నర లీటర్ల డీజిలు కాలిస్తే 12 కిలోలు. కాబట్టి బొగ్గు కరెంటుతో నడిచినా ఈ బండే మెరుగు. బజారులో పిల్లల ముక్కు దగ్గర పొగ లేకపోవడం ఇంకో లాభం. కాని "పూర్తిగా పరిశుభ్రం" అని బోర్డు కట్టుకోవడం మాత్రం అబద్ధం.

ఇక్కడొక చేదు విషయం గుర్తు చెయ్యక తప్పదు. మన కాళ్ళ కిందే గ్యాసుంది. దానికోసం మనం చెల్లించిన మూల్యమూ ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. అంత గ్యాసున్న చోట జేగురుపాడు, వేమగిరిలో కట్టిన విద్యుత్ కేంద్రాలు 2013 తర్వాత గ్యాసు చాలక ఏళ్ళ తరబడి మూలుగుతూ వచ్చాయి. మంట మనది, వెలుగు మనది కాదు. రేపు పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం పూర్తయి తిరిగితే, ఇంటి పైకప్పుల మీద సోలారు పలకలు పెరిగితే, నేను వేసిన 7 కిలోల లెక్క తగ్గుతుంది. డీజిలు లెక్క మాత్రం ఎన్నటికీ 12 కిలోలే.

మరి ఈ రెంటికీ మధ్య హైబ్రిడ్డు సంగతేమిటి? అందులో ఇంజనూ ఉంటుంది, మోటారూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని పట్టి చిన్న బ్యాటరీలో దాచి, మళ్ళీ కదిలేటప్పుడు వాడుకుంటుంది. 1997లో జపానులో ప్రియస్ కారుతో ఇది జనంలోకొచ్చింది. ప్లగ్గు అక్కర్లేదు, దారిలో ఆగిపోతామన్న బెంగ లేదు. ఆగుతూ సాగే పట్నం ట్రాఫిక్కులో పెట్రోలు బాగా ఆదా చేస్తుంది. కాని చివరికి దాని తిండి పెట్రోలే. పైగా అది కారున్న వాళ్ళ బేరం. లక్షలు పెట్టి కారు కొనేవాళ్ళకి రెండు దారులున్నాయి. షేరు ఆటో తోలేవాడికి ఆ మధ్య దారి అసలు లేదు. నేను అభ్యంతరపెట్టేది హైబ్రిడ్డు యంత్రాన్ని కాదు. కరెంటు బండ్ల మీద చర్చంతా కార్లున్న వాళ్ళ చుట్టూనే తిరగడాన్ని.

వరదల మాటా చెప్పుకోవాలి. 2022 జూలైలో గోదారి పొంగి లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో స్తంభాలు కొబ్బరిచెట్లతో పాటు పడిపోయాయి. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడూ కరెంటు తీగలకే ముందు దెబ్బ. అలాంటి రోజున క్యానులో పది లీటర్ల డీజిలున్నవాడే ఆసుపత్రికి మనిషిని చేర్చగలడు. గోదావరి డెల్టాలో మొత్తం బండ్లన్నీ కరెంటువే అయిపోవాలనేవాళ్ళు ఒక్క వరద కాలం మా ఇంట్లో గడపాలని నా మనవి.

వాడేసిన బ్యాటరీ ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. కొన్ని ఈ-రిక్షాల్లో ఇంకా సీసం బ్యాటరీలే ఉంటాయి. వాటిని పెరట్లో పగలగొట్టి, ఆసిడు కాలవలో పోసి, సీసం కరిగించి అమ్ముకోవడం కొత్త సంగతేం కాదు. ఆ కాలవ నీరే మన చేలకీ, చెరువులకీ, కుండల్లోకీ వస్తుంది. పాత బ్యాటరీల్ని తయారీదారులే వెనక్కి తీసుకోవాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మన ఊళ్ళో పాత బ్యాటరీ ఎవరికివ్వాలని అడిగి చూడండి. పాతసామాన్ల బండివాడినే చూపిస్తారు.

ఇంత చెప్పి నేను కరెంటు బండికి వ్యతిరేకినా? కాదు. గట్టిగా కావాలనేవాణ్ణే. కాని మనం తప్పు చివర నుంచి మొదలుపెట్టాం. మన రాష్ట్రం 2018లోనే కరెంటు వాహనాల విధానం ప్రకటించి, 2024కల్లా పది లక్షల బండ్లు అంది. గడువు దాటింది, పది లక్షలూ రోడ్డెక్కలేదు. ఎందుకంటే బండికి సబ్సిడీ ఇచ్చాం గాని ప్లగ్గుకి చోటివ్వలేదు. ముందు రోజంతా తిరిగే బండ్లని చూడాలి. ఇంట్లో రోజుకి ఇరవై గంటలు పడుకునే కారు కరెంటుదైతే దేశానికి ఒరిగేది తక్కువ. రోజుకి 120 కిలోమీటర్లు తిరిగే ఆటో, కడియం నర్సరీల నుంచి మొక్కలు మోసే ట్రాలీ, బస్సు మారితే ఒరిగేది ఎక్కువ. తిరుమల కొండకి 2022 నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు ఎక్కుతూనే ఉన్నాయి. కొండ ఎక్కినవి మన సమతలం మీద నడవలేవా?

బస్సు కన్నా ముందు పంటు! నరసాపురం – సఖినేటిపల్లి, కోటిపల్లి – ముక్తేశ్వరం రేవుల్లో పంటు దాటనివాళ్ళు మనలో ఎందరు? డీజిలు పొగ కక్కుతూ, నీళ్ళ మీద నూనె రంగులు వదులుతూ పోతుంది. దూరం తక్కువ, దారి ఒక్కటే, ప్రతి ఒడ్డునా ఆగుతుంది, బ్యాటరీ బరువు నీళ్ళ మీద పెద్ద భారం కాదు. కరెంటుకి ఇంతకన్నా తగిన వాహనం మరొకటి లేదు. కేరళలో వైకం దగ్గర 'ఆదిత్య' అనే సోలారు పడవ 2017 నుంచి జనాన్ని దాటిస్తోంది. అది మనుషుల్నే ఎక్కించుకుంటుంది, మన పంటు కార్లనీ మోస్తుంది, నిజమే. అయితే కష్టం ఎక్కువ, అసాధ్యం కాదు.

మన కాలేజీ మాటకొస్తాను. సైకిలు స్టాండులో ఇప్పుడు సైకిళ్ళకన్నా బండ్లే ఎక్కువ. స్టాండు రేకుల మీద సోలారు పలకలు వేసి, కింద పది ప్లగ్గులు పెట్టించడానికి యూనియను పట్టుబట్టాలి. పగలు విద్యార్థులూ లెక్చరర్లూ వాడుకోవచ్చు. గేటు ముందు స్టాండులో ఉండే ఆటోవాళ్ళకి మధ్యాహ్నం రెండు గంటలు వదలవచ్చు. పాత బ్యాటరీలు సేకరించే ఒక గది మన కెమిస్ట్రీ విభాగం పెట్టవచ్చు. పెద్ద పదవుల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఏటా ఈ సంచిక చదువుతారు. సభకొచ్చి మాకు సందేశమిచ్చే బదులు ఈ ఏడాది పది ప్లగ్గులివ్వండని వినయంగా అడుగుతున్నాను.

నాన్న ఇంకా ఏ బండీ కొనలేదు. పాతదానికి బోరు చేయించాడు. మొన్న శెలవులకి వెళ్ళినప్పుడు మళ్ళీ నా కాగితం తీసి చూపించాను. ఈసారి చాలాసేపు చూశాడు.

"మీ లెక్కల్లో తప్పులేదురా. స్టాండులో ప్లగ్గు పెట్టిన రోజున, మొదటి బండి నాదే" అన్నాడు.

ఆ మాట ఈ వ్యాసానికి ముగింపు అనుకోవడం లేదు. మనకిచ్చిన హోంవర్కు అనుకుంటున్నాను.