కారణం తేల్చకుండా 'బతకదు' అంటారా?

కడుపులో ఉండగానే బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ, చర్మం కింద నీరు చేరడాన్ని డాక్టర్లు హైడ్రాప్స్ అంటారు. స్కానింగ్ చూసి 'బతకదు' అనడం సులువు. కారణం తేల్చకుండా ఆ మాటెట్లా చెల్లుతుంది?

గుండె లోపమో, క్రోమోజోమ్ లోపమో అయితే కష్టమే, నిజం. బిడ్డకు రక్తం తక్కువై చేరిన నీరైతే లెక్క వేరు. కడుపులోని బిడ్డకే రక్తం ఎక్కించొచ్చని 1963లోనే న్యూజిలాండ్ డాక్టర్ విలియం లైలీ చేసి చూపిండు. వేళకు ఎక్కిస్తే ఇప్పుడు ఎక్కువమంది బతుకుతున్నరు.

నెగెటివ్ గ్రూపు తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు యాంటీ-డి సూది వేయాలె. లేకుంటే వచ్చే కాన్పుకు ముప్పు.

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ సూది ఆసిఫాబాద్ పల్లె దవాఖానలోనూ ఉండాలె. స్కానింగ్‌లో నీరు కనబడితే తల్లిని ఆ పూటే పెద్ద దవాఖానకు పంపాలె. మేం అడుగుతున్నది ఇదే.