మూలనపడ్డ పికప్‌కు మూల్యమెంత?

పాత వాహనాల బేరాల్లో ఒక మాట తరచుగా వినవస్తున్నది. "పాతికేళ్లు షెడ్డులోనే ఉన్నది, వాన చినుకు తగల్లేదు, మొన్న తీసి స్టార్ట్ చేశాం, చక్కగా ఆడుతున్నది" అన్నదే ఆ మాట. దీన్ని ముందు పెట్టి అడిగే ధరకూ, అదే ఏడాది అదే రకం బండి రోజూ తిరుగుతూ ఉంటే పలికే ధరకూ పొంతన ఉండడం లేదు. నిల్వ ఉన్నదన్న ఒక్క కారణం మీద, ఎలా నిల్వ ఉన్నదో అడగకుండానే ధర హెచ్చించి ఇవ్వడం మరే సరుకులోనూ కానరాదు.

గుంటూరు యార్డులో శీతల గిడ్డంగి నుంచి వచ్చిన మిర్చికీ, కల్లం నుంచి నేరుగా వచ్చిన మిర్చికీ వేరువేరుగా ధర కడతారు. రంగు నిలిచిందా, తేమ తగిలిందా, తాలు ఎంత అన్నది చూస్తారు. దుగ్గిరాల పసుపులో పుచ్చు ఉన్నదా అని కొమ్ము విరిచి చూస్తారు. అనకాపల్లి బెల్లం నిల్వలో చెమ్మగిల్లి నల్లబడితే ధర దానంతటదే దిగుతుంది. బస్తా మూతి దగ్గరి సరుకును చూసి డబ్బు ఇచ్చే వర్తకుడు ఎవరూ లేరు. కాని అదే వర్తకుడు పాత పికప్ దగ్గరకు వచ్చేసరికి బానెట్ మీది మెరుపు చూసి బయానా ఇస్తున్నాడు. ఇనుము కూడా నిల్వలో చెడే సరుకేనన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రావడం లేదు.

ఉదాహరణకు మహీంద్రా ఎఫ్.సి.-150ని తీసుకోవచ్చు. 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలై, తరువాత జీపుల తయారీకి మళ్లిన ఆ సంస్థ 1965లో ఈ బండితో తేలికపాటి సరుకు వాహనాల ఉత్పత్తి ప్రారంభించింది. ముక్కు లేని మొహం, సీట్ల మధ్య ఇంజన్, వెనుక పొట్టి తొట్టి. ఇంజన్ 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలుది. జీపులకు వాడిన హరికేన్ ఇంజనే ఇది. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర పెరిగి, ఇలాంటి పెట్రోలు బండ్లను నడపడం గిట్టుబాటు కాలేదు. చాలామంది ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. మరికొన్ని తుక్కు కింద పోయాయి. యజమాని బద్ధకం వల్లనో, అన్నదమ్ముల తగాదా వల్లనో ఏ మిల్లు షెడ్డులోనో ఆగిపోయినవే అసలు ఇంజన్‌తో మిగిలాయి. కావున అలాంటి బండికి గిరాకీ ఉండడం న్యాయమే. ఎంతవరకు న్యాయమన్నదే తేలవలసి ఉన్నది.

బండిని చూసే ముందు షెడ్డును చూడాలి. అనంతపురం వైపు పొడి నేలలో రేకుల కింద ఇరవై ఏళ్లు ఉన్న బండికీ, కాకినాడలో ఉప్పుగాలి తగిలే చోట అయిదేళ్లు ఉన్న బండికీ పోలిక లేదు. అంతకంటె ముఖ్యమైనది, దాని పక్కన ఏ సరుకు ఉన్నదన్నది. ఎరువుల గోడౌనులో ఉన్న బండికి అడుగుభాగం మిగలదు. ఎరువు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటుంది. ఉప్పు బస్తాల సంగతి చెప్పనవసరం లేదు. బియ్యపు మిల్లు ఊక పైకి పొడిగా కనిపించినా ఛాసిస్ మూలల్లో పేరుకుని చెమ్మ పట్టి ఉంచుతుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారనులాంటి పొడి కట్టడంలో ఉన్న బండి అయితే కొంత నమ్మవచ్చు.

వరద సంగతి కూడా విడిగా విచారించాలి. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ, 2009 అక్టోబరులో కర్నూలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ నీళ్లలో ఉన్న బండిని ఎంత తుడిచినా తలుపు రేకు లోపల, వెనుక దీపాల అద్దాల అడుగున సన్నని ఒండ్రు మిగిలే ఉంటుంది. గేరు ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే అందులో నీరు చేరినట్లే. ఈ పరీక్షకు మెకానిక్కు కూడా అక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవరు, ఒక పాత గుడ్డ చాలు.

ఇక స్టార్ట్ చేసిన తీరు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టి లేపడం కంటె పెద్ద అపచారం లేదు. సిలిండరు గోడల మీద తుప్పు పొర పడి ఉంటుంది, పిస్టన్ రింగులు పట్టేసి ఉంటాయి. తెలిసిన మెకానిక్కు ముందు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కొంచెం ఆయిలు పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పి చూస్తాడు. పాత ఆయిలు దించి కొత్తది పోస్తాడు. ట్యాంకులో జిగురుగా మారిన పెట్రోలు తీసేసి ట్యాంకు కడుగుతాడు. ఈ ఇంజన్‌లో పెట్రోలు వచ్చే వాల్వులు పైన, పొగ పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఏళ్ల తరబడి ఆగినప్పుడు ఆ పక్క వాల్వులు బిగుసుకునే అవకాశం ఎక్కువ. బలవంతంగా తిప్పితే అప్పటికి తిరుగుతుంది. ఆ తరువాత వచ్చే ఖర్చు కొన్నవాడిది.

కావున అమ్మకందారును అడగవలసినది "స్టార్ట్ అవుతుందా" అని కాదు, "లేపడానికి ఎన్ని రోజులు పట్టింది" అని. ఒక్క పూటలో లేచిందని గర్వంగా చెబితే ధర తగ్గించి అడగవలసిందే. చూడబోయేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఆ రోజుకు వెనుదిరిగి, మర్నాడు ఉదయం చెప్పకుండా వెళ్లడం మేలు. పాత బండి అసలు గుణం చల్లటి ఇంజన్‌లోనే బయటపడుతుంది.

ఆగడం సంగతి అందరూ మరచిపోతారు. బ్రేకు ఆయిలు కూడా తేమను పీల్చేదే. వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుంటాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోవడం మామూలే. టైర్ల గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన లాభం లేదు, రబ్బరు వయసే దాని ఆయుష్షు. ఎలుకలు వైర్లను వదలవు. పైగా నేటి పెట్రోలు నాటి పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. చెరకు, మొక్కజొన్న రైతులకు ఇది మంచి వార్తే కావచ్చు గాని, పాత పెట్రోలు పంపు రబ్బరు పొరకు మాత్రం కాదు. గొట్టాలు, పొరలు కొత్త రకానివి వేశారో లేదో అడిగి, బిల్లు చూడాలి.

రంగు విషయంలో కొనుగోలుదారుల అభిరుచి తలకిందులుగా ఉన్నది. వెలిసిన అసలు రంగుతో, అరిగిన తొట్టితో, తలుపు మీద సగం చెరిగిన దుకాణం పేరుతో ఉన్న బండికి తక్కువ ధర అడుగుతున్నారు. నిన్న కొట్టిన ఎర్ర రంగుకు ఎగబడుతున్నారు. వెలిసిన రంగు కింద ఏమున్నదో కంటికి కనిపిస్తుంది. కొత్త రంగు కింద ఎంత పుట్టీ ఉన్నదో అమ్మినవాడికి తప్ప తెలియదు. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద జరిపితే పుట్టీ ఉన్న చోట పట్టు వదులుతుంది. మొదటి రకం బండికే ఎక్కువ ఇవ్వడం సబబు. ఇది అభిరుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు, చట్టం కూడా ఇందులో ఉన్నది.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న సొంత వాడకపు వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. రెన్యూవల్‌కు 5,000. అంటే డీజిల్ ఇంజన్ ఎక్కించిన బండి, కత్తిరించి అతికిన బండి ఈ తరగతికి రావడం కష్టం.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. నాలుగు చక్రాల వాహనాల్లో ఆ నిబంధన పేర్కొన్నది ఎం-1 తరగతిని, అనగా మనుషులను ఎక్కించుకునే కార్లు, జీపుల తరగతిని. సరుకు మోసే పికప్ పుట్టుకతోనే ఎన్-1 తరగతిది. ఆ తరగతి పేరు అందులో లేదు. జమీందారు కారుకు దొరికే గౌరవం, దుకాణదారు పికప్‌కు దొరకలేదన్న మాట! తెలిసో తెలియకో ఇలా జరిగింది గాని, ఫలితం మాత్రం బేరంలో కనిపిస్తుంది. వింటేజ్ ధర చెల్లించి కొన్నవాడి చేతికి వచ్చేది చట్టం దృష్టిలో ఒక ముసలి సరుకు వాహనం. దానికి ఏటా ఫిట్‌నెస్ కావాలి, సరుకు వాహనపు పన్ను కావాలి. వాణిజ్య వాడకం మానుకున్న పాత పికప్‌లను కూడా వింటేజ్ నిర్వచనంలో చేర్చడం ప్రభుత్వానికి ఖర్చు లేని పని. చేర్చనంతకాలం మంచి బండ్లు కూడా తుక్కు దుకాణం దారి పడతాయి.

ఆ సవరణ వచ్చేదాకా వింటేజ్ నంబరు ఆశతో అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వడం తెలివైన పని కాదు. బ్రోకరు "అది మనం చూసుకుంటాం" అంటే, చూసుకున్న తరువాతే మిగతా సొమ్ము ఇస్తానని చెప్పడం మంచిది.

కాగితాల్లో చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. యజమాని కాలం చేసి ఉంటే వారసుల పేరు మీదికి ఫారం 31తో మార్చిన తరువాతే అమ్మకం. అప్పు మీద కొన్న బండి అయితే ఆర్.సి. పుస్తకంలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉండవచ్చు. అప్పు తీరినా ఫారం 35 మీద సంతకం పెట్టవలసిన ఆ కంపెనీ ఎన్నడో మూతపడి ఉండవచ్చు. అసలు బేరాలు ఇక్కడే తెగిపోతున్నాయి.

పన్ను సంగతి ఇంకొకటి. బండి వాడడం లేదని రవాణా శాఖకు ముందుగా తెలియజేయకపోతే, అది తిరుగుతున్నట్లే లెక్కించి త్రైమాసిక పన్ను బకాయి పెంచుతూ పోతారు. విశాఖ ఉక్కు కర్మాగారం ఆవరణలో మాత్రమే నడిచిన వాహనాల కేసులో, బహిరంగ స్థలంలో వాడని కాలానికి పన్ను పడదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది ఊరట కలిగించేదే. అయినా పాతికేళ్ల నాటి షెడ్డు కథను రుజువు చేయవలసింది కొత్త యజమాని కాకూడదు. బకాయి లేదన్న కాగితం తెచ్చే బాధ్యత అమ్మకందారుదే.

ధర కట్టే పద్ధతి ఇలా ఉండవచ్చు. లెక్క సులువు కోసం అడిగిన ధర 5 లక్షలు అనుకుందాం. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, రేడియేటరు, వైరింగు, పెట్రోలు గొట్టాలకు మెకానిక్కు చేత అంచనా వేయించాలి. అది లక్షా ఇరవై వేలు అయితే, ఆ మొత్తం తీసివేయాలి. మిగిలిన 3 లక్షల 80 వేలు, కాగితాలు పూర్తిగా ఉన్న బండికి మాత్రమే. కాగితాలు లేకపోతే దాని విలువ విడిభాగాల విలువే, ఎంత మెరిసినా సరే. అమ్మే మిల్లు ఖాతాలో తరుగుదల రాసి రాసి ఆ ఆస్తి ఎన్నడో నామమాత్రపు అంకెకు దిగి ఉంటుంది. కావున అడిగిన ధరకు పుస్తకాల ఆధారం లేదు. "మా తాతగారి బండి" అన్న మాటే ఆధారం. తాతగారి మీది గౌరవానికి ధర కట్టే పని కొనేవాడిది కాదు.

1989కి ముందు నాటి పాత పుస్తకం ఆర్.సి.లు చాలావరకు కంప్యూటరులోకి ఎక్కలేదు. వాహన్ పోర్టల్‌లో నంబరు కొడితే వివరాలు రాకపోవచ్చు. అప్పుడు ఆ నంబరు ఇచ్చిన రవాణా కార్యాలయంలో పాత రిజిస్టరు తీయించి, ఛాసిస్, ఇంజన్ నంబర్లు సరిచూసుకుని, వివరాలు కంప్యూటరులో నమోదు చేయించమని అమ్మకందారునే కోరాలి. అంతవరకు బయానా పదో వంతుకు మించకుండా, రసీదు మీద రెండు నంబర్లూ రాయించుకుని ఇవ్వడం మంచిది.